పై పది, కింది పది

మా పాపకి ఇంగ్లీషులో డెంటిస్ట్ అంటే భయం లేదు. తెలుగులోనే భయం. ఈ మాటంటే మా ఆయన నవ్వాడు గానీ, రెండు అపాయింట్‌మెంట్లు ఏడుపులతో పాడయ్యాక నాకు అర్థమైంది అదే. కిండర్‌గార్టెన్‌లో పళ్ళ గురించి చెప్పిన రోజు ఇంటికొచ్చి, పెద్ద ప్లాస్టిక్ పళ్ళసెట్టుకి తను ఎలా బ్రష్ చేసిందో ఎగిరెగిరి చెప్పింది. అదే పిల్ల ఆ శనివారం క్లినిక్ పార్కింగ్‌లో సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని "అమ్మా, సూది పొడుస్తరా?" అంది. మిషిగన్‌లో పుట్టిన పిల్లకి పొడవడం అనే మాట ఎవరు నేర్పారు? నేనే. అన్నం తినకపోతే, నిద్రపోకపోతే, జడ వేయించుకోకపోతే "డాక్టర్ దగ్గరికి తీస్కపోయి సూది వేయిస్త" అని. నన్ను మా అమ్మ బెదిరించిన మాట, ఆలోచించే లోపే నోట్లోంచి వచ్చేస్తుంది.

నా సంగతి వేరే చెప్పాలా. ఆరో తరగతిలో నా దవడపన్ను పుచ్చిపోయింది. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దగ్గర పల్లె. మొదట లవంగం పెట్టారు, తర్వాత ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు, చెంప బూరెలా వాచాక పీకిద్దామంటే పక్కింటావిడ వచ్చి పైపన్ను పీకితే కంటిచూపు పోతుందని నెల రోజులు ఆపించింది. (పన్ను పీకిస్తే చూపు పోదు, కానీ ఆ మాట ఇప్పటికీ మా వాళ్ళ నోట వింటాను.) చివరికి తీసుకెళ్ళిన చోట నాన్న చేతులు పట్టుకున్నాడు, కాంపౌండర్ తల పట్టుకున్నాడు, "ఏం గాదు బిడ్డా, చీమ కుట్టినట్టుంటది" అన్నారు. చీమ కాదది. ఇక్కడికొచ్చాక డెంటల్ ఇన్సూరెన్స్ వేరేగా ఉంటుందనీ, ఏడాదికి రెండు క్లీనింగులు అందులోనే వస్తాయనీ తెలిసి కూడా, ప్రతి జీతంలోంచి డబ్బు కడుతూ తొమ్మిదేళ్ళు నేను ఆ మెట్లెక్కలేదు.

కాబట్టి పాపని మొదటిసారి తీసుకెళ్ళేసరికే దానికి ఐదేళ్ళు. ఇక్కడ పిల్లల డెంటిస్టులు మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి చూపించమంటారు. పాలపళ్ళే కదా, ఊడిపోయేవే కదా అని మేం ఊరుకున్నాం. వెనక పాలదవడపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయని, అవి పాడైతే కింద వచ్చే పళ్ళకి చోటు తప్పుతుందని నాకు ఆ రోజే తెలిసింది. పాపకి రెండు దవడపళ్ళు పుచ్చాయి. కారణం కూడా వెతుక్కోనక్కర్లేదు, పడుకునే ముందు పంచదార వేసిన బూస్టు పాలు, అవి తాగుతూనే నిద్ర. ఉద్యోగం చేసుకునే ఇంట్లో ఆ పావుగంట ప్రశాంతత ఎంత విలువైనదో తెలిసినవాళ్ళు నన్ను తిట్టరు.

ఆ మొదటి రోజు నేను చేసిన తప్పులు రెండు. ఒకటి, దారంతా "నొప్పి ఏం ఉండదు, నొప్పి ఏం ఉండదు" అని చెప్పడం. పిల్లకి వినపడింది నొప్పి ఒక్కటే. రెండోది ఇంకా ఘోరం. అక్కడ పిల్లలతో పుచ్చు అనరు, షుగర్ బగ్స్ అంటారు, నవ్వుతూ అంటారు, గోడమీద వాటికి కళ్ళూ మీసాలూ ఉన్న బొమ్మలు. పాప నా వైపు చూస్తే నేను ప్రేమగా తెలుగులో చెప్పాను, "నీ పంట్ల పురుగులున్నయి తల్లీ, అవి తీసేస్తరు". అంతే. ఇంగ్లీషు బగ్స్ ముద్దుగా ఉంటాయి, తెలుగు పురుగులు పాకుతాయి. రెండు రాత్రులు పిల్ల నోరు మూసుకోలేదు, మూస్తే లోపల తిరుగుతాయట.

రెండోసారి కుర్చీ చూసి వెనక్కి తిరిగి వచ్చేశాం.

మూడోసారి వేరే చోటికి వెళ్ళాం, పిల్లలని మాత్రమే చూసే ఆవిడ దగ్గరికి. ఆవిడ పడుకోమనలేదు. చిన్న అద్దం పాప చేతికిచ్చి, దానితో పాప గోళ్ళు లెక్కపెట్టింది. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చేయడం, ఇది వాళ్ళ పాత పద్ధతేనట. ఎడమ చెయ్యి ఎత్తితే ఏ పనైనా ఆపేస్తానని మాటిచ్చి, పాప ఊరికే పరీక్షించడానికి మూడుసార్లు ఎత్తితే మూడుసార్లూ ఆగింది. నా దగ్గర ఎవరూ ఆగలేదు, అది వేరే విషయం. నన్ను మాత్రం మర్యాదగా మూలన కూర్చోమంది, నా మొహం చూస్తే పిల్ల భయపడుతుందని. అప్పటికే నా హ్యాండ్‌బ్యాగ్ పట్టీ చెమటతో తడిసిపోయి ఉంది.

ఇంట్లో ఏం భాష మాట్లాడతారని అడిగి, అయితే అందులో లెక్కపెట్టడం నాకు నేర్పు అంది పాపతో. మా పిల్లకి తెలుగులో పది దాకానే వచ్చు. తర్వాత లెవెన్, ట్వెల్వ్ అనేస్తుంది. నాకు గుండె దడ, పిల్ల ఎక్కడ ఆగిపోతుందో అని. కానీ పాలపళ్ళు ఇరవై, పైన పది, కింద పది! పైవరస పది అవగానే కిందివరస మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఆవిడ "ముడు" అంటుంటే నోట్లో అద్దం పెట్టుకునే పిల్ల "మూ...డు" అని దిద్దింది. ఆదివారం తెలుగు బడికి ఏడుస్తూ వెళ్ళే పిల్ల ఇది.

చివర్న పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. ఆ రాత్రి ఫోన్‌లో మాటల మధ్య ఆ ఒక్క మాట అన్నందుకు మా అమ్మ లేచి నిలబడింది. "ఫ్లోరైడా? మన ఊర్ల కాళ్ళు వంకర్లు పోయినోళ్ళను చూసి గూడ పిల్ల నోట్లె గదే పూయిస్తున్నవా?" ఆవిడని తప్పు పట్టలేను. ఆ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగాం మేం. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, మా వైపు కొన్ని బోర్లలో దానికి ఎన్నో రెట్లుండేది. మేముండే ట్రాయ్ నుంచి రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే గ్రాండ్ ర్యాపిడ్స్, ఊరి నీళ్ళలో కావాలని ఫ్లోరైడ్ కలిపిన మొదటి నగరం అదే, 1945లో. 2015లో ఇక్కడ సిఫారసు చేసింది లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. ఇదంతా చెప్పి, కూరలో ఉప్పు లాంటిదమ్మా, తగినంత ఉంటే మంచిదే అన్నాను. "ఉప్పు తిని ఎవరి కాళ్ళు వంగలే" అని ఫోన్ పెట్టేసింది.

ఒక పంటికి ఫిల్లింగ్ చేశారు. భయం తగ్గించే గ్యాసు, నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, చిగురు మీద మొద్దుబారే జెల్ రాసి, తర్వాత ఇంజెక్షన్. ఈసారి నేను అబద్ధం చెప్పలేదు, "చురుక్కుమంటది, పది లెక్కపెట్టు" అన్నాను. ఏడు దగ్గర ఏడ్చింది, పది దగ్గర ఆపింది. రెండో పుచ్చు చిన్నది, డ్రిల్ అక్కర్లేకుండా వెండి మందు పూశారు, సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్. అది పుచ్చుని ముదరనివ్వదు గానీ పుచ్చిన చోటు బొగ్గులా నల్లగా అవుతుంది, ఆ పన్ను ఊడేదాకా అంతే. సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి ఆగింది. ఆడపిల్ల, నల్లపన్ను. మా ఊళ్ళో గారపళ్ళని చూసి తిరిగిపోయిన సంబంధాలు నాకు తెలుసు. మా అమ్మ పళ్ళకీ గోధుమరంగు చారలు, నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, పెళ్ళి ఫోటోలో కూడా నోరు బిగించే ఉంది.

పాపకి ఇదేం పట్టలేదు. స్కూల్‌బస్సులో అందరికీ నోరు తెరిచి చూపించి వచ్చింది. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మకీ చూపించింది. అమ్మ ఏమంటుందో అని నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. ఏమీ అనలేదు, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మమ్మా, ఇప్పుడు నువ్వు తెరువు. నేను లెక్కపెడతా. పైన పది, కింద పది."

"నాకు పది పది లేవు తల్లీ" అంది అమ్మ, కొంగు అడ్డం పెట్టుకునే.

"మరి ఎన్ని?"




"నాకేం తెలుసు, ఎవలు లెక్కపెట్టిన్రు."

"చెయ్యి ఎత్తు అమ్మమ్మా, నేను ఆపేస్తా" అంది పాప, ఫోన్‌ని అద్దంలా పట్టుకుని.