తేదీలు సర్దిన రోజు

ఈ రోజంతా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో తేదీలతోనే సరిపోయింది. లాగ్ ఫైళ్లు, అంటే ఏది ఎప్పుడు జరిగిందో ప్రోగ్రామ్ రాసుకునే ఫైళ్లు, చదివి రిపోర్ట్ తయారుచేసే స్క్రిప్ట్ నెలల తరబడి నిక్షేపంగా నడిచి, ఉన్నట్టుండి ఒక వరుస దగ్గర వాల్యూఎర్రర్ (విలువ సరిగా లేదనే ఎర్రర్) ఇచ్చి ఆగిపోయింది. ఆ వరుసనీ దాని పై వరుసనీ పక్కపక్కన పెట్టి చూశాను.

2024-03-09 10:15:42.318204
2024-03-09 10:15:43

రెండోదానిలో చుక్కా లేదు, దాని వెనక ఆరంకెలూ లేవు. పైథాన్‌లో తేదీనీ టైమ్‌నీ కలిపి దాచే డేట్‌టైమ్‌ని నేరుగా ప్రింట్ చేస్తే అంతే, మైక్రోసెకన్లు (సెకనులో పదిలక్షో వంతులు) సున్నా అయినప్పుడు పైథాన్ ఆ ముక్క రాయనే రాయదు. చదివే వైపు, అక్షరాల్ని తేదీగా మార్చే స్ట్రిప్‌టైమ్‌కేమో నేనిచ్చిన ఫార్మాట్ ప్రకారం చుక్క ఉండి తీరాలి. సరిగ్గా సున్నా పడేది పది లక్షల్లో ఒకసారి. ఏ టెస్టుకి దొరుకుతుంది? నాకు టెన్షన్ పెట్టేవి ఇలాంటివే.

మందు చిన్నదే. తేదీని అక్షరాలుగా రాసే ఐసోఫార్మాట్‌కి, ఎంత వివరంగా రాయాలో చెప్పే టైమ్‌స్పెక్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. సెకన్ల దాకా చాలని అందులో చెబితే ప్రతి వరుసా ఒకే పొడవులో వస్తుంది. పాత లాగ్‌లు చదవడానికి ఫ్రమ్‌ఐసోఫార్మాట్ వాడాను, అది రెండు రూపాల్నీ చదువుతుంది.

అక్కడితో వదలబుద్ధి కాలేదు. వెతికితే, తేదీని మనం చెప్పిన రూపంలో రాసే స్ట్రిఫ్‌టైమ్ ఒక్కో కోడ్ ఫైల్లో ఒక్కోలా ఉంది. ఒకచోట 09/03/24, ఇంకోచోట 03/09/24. మార్చా, సెప్టెంబరా? కోడ్ చూస్తే తప్ప తెలీదు. పైగా ఆ రూపం చెప్పేటప్పుడు పర్సెంట్ గుర్తు పక్కన చిన్న ఎమ్ రాస్తే నెల, పెద్ద ఎమ్ రాస్తే నిమిషాలు. తారుమారైనా ఎర్రర్ రాదు, తప్పు తేదీ దర్జాగా ఫైల్లోకి వెళ్లిపోతుంది. అందుకే అన్నీ తీసేసి ఒక్క ఫంక్షన్ పెట్టాను. సంవత్సరం, నెల, రోజు, ఆ వరుసలోనే. తేదీలు రాయడానికున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ఇదే వరుస చెబుతుంది, 1988 నుంచీ. మామూలు అక్షరక్రమంలో సార్ట్ చేసినా తేదీలు కాలక్రమంలోనే వస్తాయి. ఆ సుఖం రోజుతోనో నెలతోనో మొదలయ్యే రూపాల్లో లేదు.

టైమ్‌జోన్ సంగతి కూడా ఈ రోజే తేల్చేశాను. దాచేది ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైమ్‌లో, చివర దాని గుర్తుగా +00:00తో సహా. చూసేవాళ్ల టైమ్‌కి మార్చడం స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రమే. డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకి జరిపే పద్ధతి) ముగిసి గడియారం గంట వెనక్కి జరిగే చోట్ల ఒకే రాత్రి 1:30 లాంటి టైమ్ రెండుసార్లు వస్తుంది. జోన్ లేని తేదీని బట్టి అందులో ఏది ముందో ఎవరూ చెప్పలేరు.

ఫైల్ పేర్లకి మాత్రం మినహాయింపు ఇవ్వక తప్పలేదు. విండోస్ పేర్లలో కోలన్ ఒప్పుకోదు కాబట్టి అక్కడ 20240309-101543 అని రాయించాను. అదీ ఆ ఫంక్షన్ పక్కనే ఉంది.