పాజిటివ్ వచ్చింది, వైరస్ లేదు

పర్లాకిమిడిలో మేం నడిపే ల్యాబ్‌కి ఇటు గుణుపురం, అటు పాతపట్నం నుంచి జనం వస్తారు. కౌంటర్ దగ్గర ఒడియాలో మాట్లాడినవాళ్లు కూడా రిపోర్టు చేతిలో పడగానే టెన్షన్ పడేది తెలుగులోనే.

ఈసారి ఆ టెన్షన్ మా చినమావయ్యది. రక్తదానం చేసొచ్చాక ఫోన్ చేసి, లివర్‌కి సోకే వైరస్ హెపటైటిస్ సి పాజిటివ్ అన్నారట. నేనూ కార్డు టెస్టు చేశాను. రెండో గీత చక్కగా పడింది. శాంపిల్ బరంపురం పంపి, వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయిస్తే వైరస్ కనబడలేదు.

"ఒక్క మాత్ర మింగనేదు, మరెలాగ పోనాదే?"

కార్డు చూపించేది వైరస్‌ని కాదు, దానితో ఒంట్లో జరిగిన పోరాటం తాలూకు యాంటీబాడీని. సోకినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లోపే మందు వాడకుండానే వైరస్ పోతుంది. ఆ పోరాటం తెల్లరక్తకణాలు రాకముందే లివర్ కణంలో మొదలవుతుంది. ఆర్‌ఎన్‌ఏని నాలుగు రసాయన అక్షరాలతో రాసిన రాత అనుకుంటే, వైరస్ ఆర్‌ఎన్‌ఏ చివర్లో 'యు' అక్షరాలు వరసగా ఉండే ముక్క ఒకటుంది. కణంలోని రిగ్-ఐ అనే ప్రొటీన్ దాన్ని పసిగట్టి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీదున్న మావ్స్ అనే ఇంకో ప్రొటీన్‌కి కబురందిస్తుంది. అప్పుడు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ తయారవుతుంది. అది పక్క కణాలనీ లేపితే వందలాది జీన్లు పనిలోకి దిగుతాయి. కొన్ని వైరస్ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేస్తాయి, కొన్ని దాని ప్రొటీన్ల తయారీని ఆపేస్తాయి.

వైరస్ మాత్రం ఊరుకుంటుందా? తన పొడవాటి ప్రొటీన్‌ని కోసుకోవడానికి దానికి ఎన్ఎస్3/4ఎ అనే ఎంజైమ్ ఉంది. దాంతోనే మావ్స్‌నీ మైటోకాండ్రియా నుంచి తెంపేస్తుంది. వరి కోసే కొడవలితోనే కాపలావాడి ఫోన్ వైరు కోసేసినట్టు! 2005లో ఇది బయటపడింది. ఎవరి గెలుపు అనేది టి కణాలనే తెల్లరక్తకణాల మీదా, మన జీన్ల మీదా కూడా ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్‌లోనే లాంబ్డా-4 అనే రకాన్ని తయారుచేసుకోగలిగినవాళ్లలోనే వైరస్ దానంతటది పోవడం తక్కువని 2013లో తేలింది. ఆయుధం ఎక్కువున్నవాడే ఓడిపోవడమేంటో, నాకిప్పటికీ మింగుడు పడదు.

ఇదంతా విని మావయ్య అడిగింది ఒక్కటే: "మళ్లీ రక్తం ఇవ్వొచ్చా?"

"ఇవ్వకూడదు మావయ్యా. యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉంటుంది, టెస్టు చేసినప్పుడల్లా పాజిటివే వస్తుంది. పైగా ఇది రక్తం ద్వారా మళ్లీ సోకొచ్చు, టీకా కూడా లేదు. గడ్డం గీయించుకునేటప్పుడు కొత్త బ్లేడు వేయమను."

వైరస్ ఉండి ఉంటే సాధారణంగా 12 వారాల మాత్రలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అవి ఉచితం. ప్రస్తుతానికి ఆ అవసరం లేదన్నారు డాక్టరు. కొన్ని నెలలాగి ఇంకోసారి ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించమన్నారు.