మెటల్ వినడానికి చవక హెడ్‌ఫోన్: ₹10,000 లోపు లాగ్

బడ్జెట్, అసలు కావలసింది

మొత్తం ₹10,000. హెడ్‌ఫోన్, ఫోన్‌కి డాంగిల్ (యూఎస్‌బీ పోర్ట్‌కి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న వైరు), స్పేర్ ప్యాడ్స్ (చెవి దగ్గరి మెత్తలు) లేదా టిప్స్ (చెవిలో దూర్చే రబ్బరు మూతులు) అన్నీ ఇందులోనే సర్దాలి. వినేది మెటల్ సంగీతం: ఎక్కువగా వేగంగా సాగే థ్రాష్, డెత్ మెటల్, అప్పుడప్పుడు నెమ్మదిగా సాగే డూమ్.

షాపులో "మెటల్‌కి ఏది బాగుంటుంది" అని అడిగితే, పెట్టె మీద ఎక్స్‌ట్రా బేస్ అని పెద్ద అక్షరాలున్న మోడల్ చేతిలో పెడతారు. ఈ సంగీతానికి అంతకంటే తప్పు సలహా ఉండదు. అంకెలు చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. స్టాండర్డ్ ట్యూనింగ్‌లో గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. డ్రాప్ సీ కి దించితే 65. ఏడు తీగల గిటార్‌లో బీ తీగ 62, ఎనిమిది తీగల దాంట్లో ఎఫ్ షార్ప్ 46. నాలుగు తీగల బేస్ గిటార్ 41 దగ్గర మొదలవుతుంది. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) బరువు 60 నుంచి 80 మధ్య ఉంటుంది, దాని బీటర్ తగిలే "టక్" మాత్రం 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య వస్తుంది. పామ్ మ్యూట్ చేసిన (అరచేతి అంచుతో తీగల్ని నొక్కి వాయించిన) గిటార్ "జగ్ జగ్" బలం 100 నుంచి 200 మధ్య. అంటే రెండు గిటార్లు, బేస్, కిక్ అన్నీ ఒకే ఇరుకు సందులో తోసుకుంటుంటాయి. బేస్ ఉబ్బించిన హెడ్‌ఫోన్ సరిగ్గా ఆ సందులోనే ఇంకో 8 డీబీ పోస్తుంది.

పైగా చెవి స్వభావం ఒకటుంది. కింది స్వరాలు పై స్వరాలను కప్పేసినంతగా పైవి కిందివాటిని కప్పలేవు. 120 దగ్గర ఉబ్బు ఉంటే నష్టం అక్కడితో ఆగదు, 300 దగ్గరున్న రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ వరస) కూడా మసకబారుతుంది. 200 బీపీఎం (నిమిషానికి 200 బీట్ల) పాటలో డబుల్ కిక్ పదహారో నోట్లు కొడితే సెకనుకి 13 దెబ్బలు, దెబ్బకీ దెబ్బకీ మధ్య 75 మిల్లీసెకన్లు. బేస్ సాగితే ఆ ఖాళీ నిండిపోయి దెబ్బలన్నీ ఒకే గుర్రుగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్‌లలో ఈ సాగుడు చాలావరకు ఫ్రీక్వెన్సీ ఉబ్బుతో కలిసే వస్తుంది కాబట్టి, ఈక్యూతో (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే ఈక్వలైజర్‌తో) ఉబ్బు దించితే సాగుడూ తగ్గుతుంది. చవక మోడల్స్‌ని బాగుచేసుకోగలగడానికి ఆధారం ఇదే.

రెండో గండం 6 నుంచి 9 కిలోహెర్ట్జ్. సింబల్స్, గిటార్ డిస్టార్షన్‌లోని గరగర, గొంతులోని "స్స్" అన్నీ అక్కడ ఉంటాయి. మామూలు పాటల్లో అక్కడో శిఖరం ఉన్నా "క్లారిటీ బాగుంది" అనిపిస్తుంది. క్రాష్ సింబల్ ఆగకుండా మోగే పాటలో అదే పది నిమిషాల్లో చెవిలో సూదిలా దిగుతుంది.

కాబట్టి వెతకాల్సినవి రెండే: 100 నుంచి 300 దాకా శుభ్రం, 6 నుంచి 9 కిలో దాకా శాంతం. మిగతావి వీటి తర్వాత.

ముందు పాటల్ని పరీక్షించడం

రికార్డింగ్‌లోని లోపాన్ని హెడ్‌ఫోన్ మీద రుద్దడం మెటల్ శ్రోతల్లో మామూలే. మెటాలికా 2008 ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్ మాస్టరింగ్ దశలోనే క్లిప్ అయింది (మోత హద్దు దాటి తరంగం కోసుకుపోయింది), ఏ హెడ్‌ఫోన్‌లో విన్నా పరపరమంటుంది. అదే బృందం 1988 ఆల్బమ్ అండ్ జస్టిస్ ఫర్ ఆల్‌లో బేస్ గిటార్ దాదాపు వినపడదు, మిక్స్‌లోనే తొక్కేశారు. ఈ రెంటితో హెడ్‌ఫోన్‌కి మార్కులు వేయకూడదు.

ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ ఆన్ చేస్తే క్లిప్ అయిన చోట్ల ఎర్ర గీతలు కనిపిస్తాయి. స్నేర్ దెబ్బ దెబ్బకీ ఎరుపు ఉంటే ఆ పాట పక్కన పెట్టాలి. టెస్ట్ లిస్ట్‌లో నాలుగు రకాలు చాలు: వేగంగా డబుల్ కిక్ ఉన్నది ఒకటి, రెండు గిటార్లు ఎడమా కుడీ విడిగా వేసింది ఒకటి, నెమ్మదైన డూమ్ ఒకటి, సింబల్ మోత ఎక్కువున్నది ఒకటి. వేగానికి హైదరాబాద్ డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ పాటలు బాగా పనికొస్తాయి.

ఫైల్ 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే టెస్ట్ వృథా. డిస్టార్షన్, సింబల్ రెండూ నాయిస్‌కి దగ్గరి శబ్దాలు, ఎన్‌కోడర్‌కి వీటికి ఎక్కువ బిట్లు కావాలి. అవి చాలకపోతే సింబల్ "ఛ్‌ష్" అనకుండా నీళ్లలో ముంచినట్టు జలజలమంటుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 లేదా ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఫార్మాట్) వాడాలి.

రంగంలోకి దిగినవి

₹2,000 అటూ ఇటూగా దొరికే ఇన్‌ఇయర్‌లు: 7హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో, మూన్‌డ్రాప్ చు 2. రెండిట్లోనూ 10 మిల్లీమీటర్ల డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఒక్కటే, వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. ఇంత తక్కువలో ఇంత సమతూకం ఇంకే రకంలోనూ రాదు. జీరోలో 100–300 ప్రాంతం శుభ్రంగా ఉంటుంది, గిటార్లు విడివిడిగా తెలుస్తాయి. కిక్ బరువు మాత్రం కొంచెం తక్కువ. ఒక చెవి మెల్లిగా వినిపించడం మొదలైతే డ్రైవర్ పోయిందని విసిరేయొద్దు. గొట్టం మూతి దగ్గరి సన్నని జల్లెడలో చెమట తేమ చేరి మూసుకుపోవడం చవక ఇన్‌ఇయర్‌లలో చాలా మామూలు. సిలికా జెల్ పొట్లంతో పాటు మూత ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచితే ఎక్కువసార్లు తేరుకుంటుంది.

కాస్ పోర్టా ప్రో: 1984 నుంచి దాదాపు అదే రూపంలో వస్తోంది, ఇంపీడెన్స్ (కరెంట్‌కి అడ్డు) 60 ఓంలు. గిటార్ వెచ్చగా, దగ్గరగా ఉంటుంది, థ్రాష్‌కి హాయి. 100 చుట్టూ ఉబ్బుంది, అది కోయాల్సిందే. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్లకి హెడ్‌బ్యాండ్ ఒక్కో వెంట్రుకా పీకి మరీ వినిపిస్తుంది. మెటల్ శ్రోతలకి ఇది చిన్న విషయమేం కాదు.

సూపర్‌లక్స్ హెచ్‌డీ668బీ: డబ్బుకి వివరం ఎక్కువ, 8 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరమూ ఎక్కువే. ఈక్యూ లేకుండా మెటల్‌కి వద్దు.

ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500: ఓపెన్‌బ్యాక్ (వెనక భాగం తెరిచి ఉన్నది), 50 మిల్లీమీటర్ల డ్రైవర్, 32 ఓంలు. ఎడమ కుడి గిటార్ల మధ్య చోటు బాగా తెలుస్తుంది. 60 కింద బేస్ జారిపోతుంది, డూమ్‌కి పలచన. ప్యాడ్స్ అతికించి ఉంటాయి, మార్చడం పెద్ద పని. మన ఇళ్లలో ఇంకో సమస్య: పైన సీలింగ్ ఫ్యాన్ ఫుల్లులో తిరుగుతుంటే ఆ హోరంతా ఓపెన్‌బ్యాక్ లోపలికి వచ్చేస్తుంది. దాన్ని మించడానికి వాల్యూమ్ పెంచుతాం, నష్టం చెవికి. హాస్టల్ గదిలోనైతే పక్క మంచం మీదివాళ్లు కూడా అదే పాట వింటారు.

ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్: క్లోజ్డ్ (వెనక మూసి ఉన్నది), 35 ఓంలు, 40 మిల్లీమీటర్ల డ్రైవర్. సేల్‌లో బడ్జెట్ లోపల దొరికితేనే లెక్కలోకి వస్తుంది. కిక్ టక్కు, బరువు రెండూ కలిసి వస్తాయి, ఫ్యాన్ హోరు తగ్గుతుంది. ప్యాడ్స్ పలచన, పెద్ద చెవులకి లోపలి గుడ్డ తగులుతుంది. దాన్నే ఎంచుకుంటే మందం ప్యాడ్స్‌కి డబ్బు ఉంచుకోవాలి.

పోల్చేటప్పుడు వాల్యూమ్ సమం చేయడం

ఇది చేయని పోలిక పోలికే కాదు. ఒక్క డీబీ ఎక్కువున్నది కూడా "బాగుంది" అనిపిస్తుంది. ఆడాసిటీలో జనరేట్ మెనూలో నాయిస్, అందులో పింక్ (జల్లుమనే సమతూకపు నాయిస్) తీసుకుని 30 సెకన్లు చేయాలి. దానికి 500 హెర్ట్జ్ హై పాస్, 2000 హెర్ట్జ్ లో పాస్ ఫిల్టర్లు వేసి సేవ్ చేయాలి. బేస్, ట్రెబుల్ తేడాలు అడ్డురాకుండా మధ్య భాగం ఒక్కటే మిగులుతుంది. ఆ నాయిస్‌ని రెండు హెడ్‌ఫోన్‌లలో మార్చి మార్చి విని, ఒకే మోతలో అనిపించేలా వాల్యూమ్ సరిచేసి, ఆ అంకె రాసిపెట్టుకుని, ఆ తర్వాతే పాట పెట్టాలి.

ప్యాడ్స్, టిప్స్, కళ్లజోడు

బేస్ లేదన్న ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. 40 హెర్ట్జ్ టోన్ పెట్టి క్లోజ్డ్ హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్లజోడు కాడలు కొంచెం పైకెత్తితే మోత ఒక్కసారిగా పెరుగుతుంది. కాడ కింద సందులోంచి బేస్ కారిపోతోందన్నమాట. సన్న కాడల జోడు లేదా మెత్తటి మందం ప్యాడ్స్ దానికి మందు. ఇన్‌ఇయర్‌లలో 50, 500 హెర్ట్జ్ టోన్లు ఒకదాని తర్వాత ఒకటి వినాలి. 50 దాదాపు మాయమైతే టిప్ చిన్నదైంది. ఎడమ చెవికి మీడియం, కుడి చెవికి లార్జ్ పట్టడం వింతేం కాదు.

విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో లెదరెట్ ప్యాడ్స్ పైపొర నల్ల రేకుల్లా ఊడి చెవికి అంటుకుంటుంది. విన్నాక పొడిగుడ్డతో తుడవాలి, స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ తగలకూడదు, పొర ఇంకా తొందరగా పగులుతుంది. వెల్వెట్ ప్యాడ్స్‌కి మారితే చల్లగా ఉంటుంది గానీ గాలి పారి బేస్ తగ్గుతుంది. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ ఈక్యూ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఈక్యూ అంకెలు

ఈక్యూకి వాడే సాఫ్ట్‌వేర్లు ఇవి: విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, దాని మీద పీస్. లినక్స్‌లో ఈజీఎఫెక్ట్స్. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్. ఆటోఈక్యూ అనే ఉచిత సైట్‌లో మోడల్ పేరు వెతికితే సిద్ధంగా ఉన్న సెట్టింగ్ దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు. కానీ అది హర్మన్ లక్ష్యానికి (ఎక్కువమంది శ్రోతలకి నచ్చిన ధ్వని గీతకి) కొలిచింది, అందులో 100 కింద ఆరు డీబీ దాకా ఎత్తు ఉంటుంది. డెత్ మెటల్‌కి ఆ ఎత్తుని 3 కి దించితే కిక్‌లు విడిపోతాయి. డూమ్‌కి అలాగే వదిలేయొచ్చు.

చేత్తో చేసుకుంటే ఇలా. పోర్టా ప్రోకి 130 హెర్ట్జ్ దగ్గర పీక్ ఫిల్టర్ (ఒక్క చోటే పనిచేసేది), మైనస్ 4 డీబీ, క్యూ 0.8 (అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ ఇరుకవుతుంది). ఎస్‌హెచ్‌పీ9500 కి 100 హెర్ట్జ్ దగ్గర లో-షెల్ఫ్ ఫిల్టర్ (దాని కిందంతా పెంచేది), ప్లస్ 4, క్యూ 0.7. అక్కడ 6 దాటించొద్దు, ఓపెన్ డ్రైవర్ చెదిరి కిక్ పరపరమంటుంది. హెచ్‌డీ668బీకి 8 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 5, క్యూ 3. చెవి ఆకారాన్ని బట్టి శిఖరం అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి, 6 నుంచి 10 కిలో దాకా టోన్‌ని మెల్లిగా జరుపుతూ ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఫిల్టర్ పెట్టాలి. ఏ హెడ్‌ఫోన్‌కైనా రిఫ్ ముద్దగా ఉంటే 250 దగ్గర మైనస్ 2 వేసి చూడండి. 4 దాకా కోస్తే మాత్రం గిటార్ రేకు డబ్బాలా మోగుతుంది.

ఎంత పెంచారో అంత ప్రీయాంప్ (ఈక్యూలోని మొత్తం వాల్యూమ్ మీట) తగ్గించాలి. ప్లస్ 4 పెట్టి ప్రీయాంప్ సున్నా దగ్గర వదిలేస్తే, అసలే అంచుదాకా నొక్కిన మెటల్ మాస్టర్ పక్కాగా క్లిప్ అవుతుంది. మైనస్ 4.5 పెడితే చాలు.

యాంప్ కొనాలా?

ఇప్పుడే వద్దు. ఎం40ఎక్స్ కి కంపెనీ చెప్పే లెక్క మిల్లీవాట్‌కి 98 డీబీ. 1 వోల్ట్ ఇచ్చే డాంగిల్ 35 ఓంల మీద సుమారు 29 మిల్లీవాట్లు తోస్తుంది, అంటే ఇంకో 14 డీబీ, మొత్తం 112. ప్రీయాంప్‌తో అయిదు పోయినా చెవికి మితిమీరిన మోతే. 250 ఓంల స్టూడియో మోడల్స్‌కైతే అదే 1 వోల్ట్ 4 మిల్లీవాట్లే ఇస్తుంది, అప్పుడు ఆలోచించొచ్చు. ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ చవకది, మంచిదే, కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లలో వాల్యూమ్ పూర్తిగా లేవదు. కొనే ముందు ఫోన్‌కి తగిలించి చూసుకోవాలి.

బ్లూటూత్ ఈ బడ్జెట్‌లో లెక్కలోకి తీసుకోలేదు. బ్యాటరీకి, చిప్‌కి పోయిన డబ్బు డ్రైవర్‌లో తగ్గుతుంది. పైగా మైక్ ఆన్ అయిందంటే పాట టెలిఫోన్ గొంతుకి పడిపోతుంది.

వాల్యూమ్ హద్దు

85 డీబీ దగ్గర రోజుకి 8 గంటలు, ఆపై ప్రతి 3 డీబీకి సమయం సగం. 94 దగ్గరికి వచ్చేసరికి గంటే. మెటల్‌లో నిశ్శబ్దం తక్కువ, సగటు మోత శిఖరానికి దగ్గరగా నడుస్తుంది. అందుకే ఇతర సంగీతానికి అలవాటైన నాబ్ స్థానం ఇక్కడ పనికిరాదు. పైన చెప్పిన పింక్ నాయిస్ వేసి, ఎదురుగా ఉన్న మనిషి మామూలు గొంతుతో మాట్లాడినంత మోత దగ్గర నాబ్ ఆపి, అక్కడ టేప్ ముక్కతో గుర్తు పెట్టుకోవడం తేలిక.

మిగిలిన పని

హెచ్‌డీ668బీ శిఖరాన్ని ఈక్యూ లేకుండా దించే పాత కిటుకు ఒకటుంది: ప్యాడ్ తీసి, డ్రైవర్ మీది జల్లెడపై సింగిల్ పొర టిష్యూ గుండ్రంగా కత్తిరించి పరచడం. టిష్యూని ముందే రెండు పొరలుగా విడదీయాలి. రెండూ కలిపి వేస్తే సింబల్స్ చచ్చుబడతాయి. ఎడమకి, కుడికి ఒకే షీట్‌లోంచి కత్తిరించకపోతే గొంతు ఒక పక్కకి జరుగుతుంది. ఈక్యూ పెట్టుకోలేని పాత ప్లేయర్‌తో వినేవాళ్లకి ఇదే దారి. ఈక్యూ ఉన్నవాళ్లు కూడా టిష్యూ వేస్తే, అది అయ్యాక 8 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌ని మైనస్ 5 నుంచి మైనస్ 2 కి తెచ్చి మళ్లీ వినాలి.