కాంక్రీటు మీద నీడలు: చండీగఢ్ ప్రయాణం

భవనాలను నలుపు తెలుపుల్లో చిత్రించడమే పనిగా పెట్టుకున్న నాకు, లూసియన్ ఎర్వే ఫొటోలు చూసినప్పటి నుంచీ చండీగఢ్ వెళ్లాలన్న కోరిక ఉంది. హంగరీలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన ఎర్వే, 1949లో మార్సెయ్ నగరంలో వాస్తుశిల్పి లె కార్బూజియే కట్టిస్తున్న నివాస భవనాన్ని ఒక్క రోజులో 650 ఫొటోలు తీశాడు. ఆ తరువాత ఏళ్ల తరబడి లె కార్బూజియే నిర్మాణాలను చిత్రిస్తూ చండీగఢ్ దాకా వచ్చాడు. భవనాన్ని మొత్తంగా చూపించాలన్న తాపత్రయం ఎర్వేకు లేదు. ఒక గోడ అంచు, దాని మీద పడిన నీడ, ఎక్కడో మూలన ఒక మనిషి ఉంటే చాలు, మిగిలిన భాగాన్ని కత్తెరతో కోసేసేవాడు.

శీతకాలపు పొగమంచు తగ్గి, సూర్యుడు ఇంకా దక్షిణానికి వాలి ఉండే ఫిబ్రవరిని ఎంచుకుని బయలుదేరాను. లె కార్బూజియే రూపొందించి, 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన క్యాపిటల్ కాంప్లెక్స్‌లో సచివాలయం, శాసనసభ, హైకోర్టు నేటికీ పనిచేస్తున్నాయి. అందువల్ల గుర్తింపు కార్డు చూపించి, గైడు వెంట, ఆయన ఆగినచోట ఆగుతూ చూడవలసిందే. నాకు దొరికిన అనుమతిలో ట్రైపాడ్ (కెమెరాను కదలకుండా నిలిపే మూడు కాళ్ల స్టాండు) లేదు. భవనాల ఫొటోగ్రఫీలో ఇది చిన్న విషయం కాదు. కెమెరాను పైకి ఎత్తితే నిలువు గీతలన్నీ పైన దగ్గరపడి భవనం వెనక్కి వాలినట్లు కనిపిస్తుంది కాబట్టి, కెమెరాను గోడకు సమాంతరంగా ఉంచి లెన్సును మాత్రమే పైకి జరిపే షిఫ్ట్ లెన్సు వాడతాము. దానిని చేతుల్లో పట్టుకుని, తెర మీది లెవెల్ గీతను గమనిస్తూ, ఊపిరి బిగబట్టి తీయవలసి వచ్చింది.

254 మీటర్ల పొడవైన సచివాలయం ముందు ఉదయపు ఎండలో నిలబడినప్పుడు, నీడ కూడా ఇక్కడ ఒక కట్టడపు సామగ్రే అని అర్థమైంది. కిటికీల ముందు లోతుగా నిలిపిన కాంక్రీటు పలకలు వేసవి ఎండను అడ్డుకోవడానికి కట్టినవి. శీతకాలపు వాలు ఎండ వాటి లోపలికి జొరబడుతుంది. అప్పుడు ఒక్కొక్క గడిలో వెలుగుకూ చీకటికీ నడుమ ఎన్నో మెట్లు కనిపిస్తాయి. డిజిటల్ కెమెరాలో వెలుగు భాగం తెల్లగా కాలిపోతే అక్కడి వివరం మళ్లీ రాదు. అందుకే ఎండ పడిన కాంక్రీటును బట్టి ఎక్స్‌పోజరు (కెమెరా లోపలికి రానిచ్చే వెలుగు మోతాదు) నిర్ణయించి, నీడల్లోని వివరాన్ని తరువాత పైకి తెచ్చుకుంటాను. సెంట్రింగ్ చెక్కల గుర్తులు, వాటి అతుకుల గీతలు గోడ మీద అలాగే ఉన్నాయి. అవి కనిపించని చిత్రం ఈ భవనానిది కాదని నా నమ్మకం.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం మధ్యాహ్నం తరువాత, హైకోర్టు ఎదుట. గొడుగులా పరచుకున్న పైకప్పు కింద, ప్రవేశద్వారం దగ్గర ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మూడు మహా స్తంభాలు నిలుస్తాయి. కంటికి అవి పూర్తిగా వేరు వేరు. రంగు తీసేసిన క్షణంలో పసుపు తేలికపడి, ఆకుపచ్చా ఎరుపూ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఆకాశాన్ని ముదురు చేయడానికి అలవాటుగా ఎర్ర ఫిల్టరు వాడితే ఎర్ర స్తంభం వెలిసిపోయి, ఆకుపచ్చది నల్లబడుతుంది. ఆకుపచ్చ ఫిల్టరు వాడితే ఇందుకు తలకిందులు. ఏ స్తంభం ముందుకు రావాలో, ఏది నీడలోకి తగ్గాలో ఫొటోగ్రాఫరే తేల్చుకోవాలి. నలుపు తెలుపు చిత్రమంటే రంగును తుడిచేయడమని అనుకునేవారికి ఈ మూడు స్తంభాలను చూపించాలని ఉంటుంది. నేను ఎరుపును అన్నిటికంటే ముదురుగా ఉంచాను, ఎందుకంటే వెనుక ర్యాంపు మీద పడుతున్న వెలుగుకు పక్కన ఒక బరువు కావాలి.

శాసనసభ దగ్గర లె కార్బూజియే స్వయంగా బొమ్మలు రూపొందించిన ఎనామెల్ తలుపును నేను చిత్రించలేదు. దాని ప్రాణమంతా రంగులోనే ఉంది. దానిని బూడిద రంగుకు మార్చడం అన్యాయమనిపించింది.

ట్రైపాడ్‌తో పని చేసే అవకాశం పంజాబ్ విశ్వవిద్యాలయంలోని గాంధీ భవన్‌లో దొరికింది, అందుకు ముందుగానే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. లె కార్బూజియే దాయాది, సహచరుడు అయిన పియెర్ జెనెరే రూపొందించిన ఈ మూడు రెక్కల భవనం నీటి కొలను నడుమ ఉంటుంది. తెల్లవారుజామున గాలికి నీరు కదులుతూ, ప్రతిబింబం ముక్కలవుతోంది. కాంతిని సుమారు వెయ్యో వంతుకు తగ్గించే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు తగిలిస్తే, సెకనులో 8వ వంతుగా ఉన్న ఎక్స్‌పోజరు సమయం రెండు నిమిషాలు దాటింది. అలలన్నీ ఆ నిడివిలో కలిసిపోయి, ప్రతిబింబం మెత్తటి నీడగా నిలిచింది. ఇదే పద్ధతిలో మబ్బులను చారలుగా సాగదీసి ఆకాశాన్ని నల్లగా చేయడం ఈ రంగంలో ఇప్పుడు పరిపాటి అయింది. ఇక్కడ మాత్రం నాకు అది రుచించలేదు. ఆకాశం అంత గట్టిగా మాట్లాడితే గోడల మీది సన్నని తేడాలు వినబడవు.

తిరిగి వచ్చాక బరైటా అనే పూత పూసిన ఫొటో కాగితం మీద వేసిన ప్రింట్లలో ఆకాశాన్ని మధ్యస్థపు బూడిద రంగులోనే ఉంచాను. వెలుగు పెంచడం, తగ్గించడం గోడల వరకే పరిమితం చేశాను. సచివాలయం చిత్రాన్ని మాత్రం చిన్న కొలతలో వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. దూరం నుంచి జాలీలా కనిపించే ఆ గళ్లు, దగ్గరకు వచ్చినవారికి చెక్క ఈనెలతో సహా కనబడాలి. అందుకని ఆ ఒక్కదానినీ మీటరున్నర వెడల్పున వేయించాను.