స్టావాంగర్‌లో డైవింగ్ బెల్ ముందు

నార్వేలో స్టావాంగర్ వెళ్లినవాళ్లంతా ప్రెయికెస్టోలెన్ కొండ ఎక్కి ఫొటోలు దిగుతారు. నేను వెళ్లినప్పుడు ఒకటే వాన. కొండ మానేసి తమ్ముడు రేవు ఒడ్డున ఉన్న ఆయిల్ మ్యూజియం చూపించాడు. బయటి నుంచి అదే ఓ చిన్న ఆయిల్ ప్లాట్‌ఫాంలా ఉంటుంది. లోపల ఎన్ని ఉన్నా నేను డైవింగ్ బెల్ దగ్గరే, అంటే డైవర్లను సముద్రం అడుగుకు దింపే ఉక్కు గది దగ్గరే ఉండిపోయాను.

మందపాటి ఉక్కు గోడ, మనిషి ఒంగి దూరాల్సిన తలుపు. ఉత్తర సముద్రంలో పైపులైన్ల పని చేసే డైవర్లు ఓడ మీద ఒత్తిడి నింపిన గదిలో వారాల తరబడి కాపురముండి, ఇలాంటిదాన్లో అడుగుకు దిగుతారు. 100 మీటర్ల లోతు ఒత్తిడి నుంచి మామూలు గాలికి రావాలంటే నాలుగైదు రోజులు పడుతుంది.

హైదరాబాద్ ల్యాబ్‌లో నా పనంతా హిమోగ్లోబిన్ రిపోర్టులతోనే. "వీళ్ల రక్తం ఏమవుతుందిరా?" అన్నాను.

"తగ్గుతుందక్కా" అన్నాడు. వాడు చేసేది సముద్రపు పైపుల కంపెనీలోనే.

అంత లోతులో ఒత్తిడి పైనున్నదానికి 11 రెట్లు. నైట్రోజన్ మత్తెక్కిస్తుంది కాబట్టి హీలియం కలుపుతారు. ఆక్సిజన్ నాలుగు శాతం కూడా ఉండదు. ఇక్కడ ఆ గాలి పీలిస్తే స్పృహ తప్పి పడిపోతాం. అక్కడి ఒత్తిడిలో మాత్రం ఆ కొద్ది ఆక్సిజనే మనకు ఇక్కడ అందేదానికి దాదాపు రెట్టింపు. కిడ్నీలు ఆ సంగతి పసిగట్టి, ఎర్రకణాలు తయారుచేయమని చెప్పే ఎరిత్రోపొయిటిన్ హార్మోన్‌ను తగ్గించేస్తాయి, ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీ మందగిస్తుంది. బయటికొచ్చాక హిమోగ్లోబిన్ తక్కువ చూపించి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆక్సిజన్ తక్కువ అందే లడఖ్‌లో ఉంటే జరిగేదానికి సరిగ్గా తలకిందులు! పైగా ఒత్తిడిలోకి వెళ్లిన కొత్తలో మూత్రం ఎక్కువ పోయి రక్తం చిక్కబడొచ్చు. శాంపిల్ ఏ రోజు తీశారో రాయకపోతే ఆ రిపోర్టు నా దృష్టిలో చిత్తుకాగితం.

1983 నవంబర్ 5న బైఫర్డ్ డాల్ఫిన్ అనే ఆయిల్ రిగ్గు మీద డైవర్ల గదిలోని తొమ్మిది రెట్ల ఒత్తిడి ఒక్క క్షణంలో పోయింది. ఐదుగురు చనిపోయారు. పోస్ట్‌మార్టంలో రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని కనిపించిందట. ప్రొటీన్‌తో కలిసి రక్తంలో తిరగాల్సిన కొవ్వు, ఒత్తిడి ఠక్కున పోవడంతో రక్తంలో పుట్టిన గాలి బుడగల దెబ్బకు విడిపోయింది. అది విన్నాక కాసేపు నాకు మాట రాలేదు.

ఒత్తిడి ఎంత వేగంగా దించాలో చెప్పే పట్టికలను ఆ రోజుల్లో కంపెనీలు వ్యాపార రహస్యంగా దాచుకునేవి. పాత డైవర్లు నార్వే ప్రభుత్వం మీద కేసు వేశారు. ఆ పట్టికల వల్ల వచ్చే ముప్పు వాళ్లకు తెలిసేలా ప్రభుత్వం చూడలేదని 2013లో యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.