పిల్లిపిల్ల వచ్చేలోపు మా ఇంట్లోంచి తీసేసినవి

పర్లాకిమిడిలో మా పక్కిల్లు ఒరియా వాళ్లది. ఆ ఇంటావిడని మావుసీ అంటాం, ఒరియాలో పిన్ని అని. ఆవిడ కట్టెల గదిలో పిల్లి పిల్లల్ని పెట్టింది. మా అమ్మాయి బడి నుంచి రాగానే అక్కడికే పరుగు. ఒకటి మనం పెంచుకుందామని అడిగింది అదే. మా అత్తయ్య ఒప్పుకుంది మాత్రం ఎలకల కోసం. అటక మీద ధాన్యం బస్తాలున్న ఇంట్లో ఎలకల బాధ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కళ్లు తెరిచాయి కదా, తీసుకుపో అంది మావుసీ. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు మాత్రం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండనివ్వమన్నారు. పాల కోసమే కాదట. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకి నొప్పి పుడుతుందో తోడబుట్టిన పిల్లలతో ఆడుకుంటూనే నేర్చుకుంటాయట. ఆ లెక్క చూస్తే తెచ్చే రోజు సరిగ్గా దీపావళి దగ్గర పడుతోంది. టపాసుల మోతలో కొత్త ఇంటికి తెస్తే బెదిరిపోతుందని పండగ అయ్యేదాకా ఆగాం. ఈలోపు తల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందేమోనని ఒకటే టెన్షన్. ఊరికే ముట్టుకుని చూస్తుంటే చోటు మార్చేస్తుందని అమ్మాయిని దూరం నుంచే చూడమన్నాను.

పిల్లిపిల్ల వస్తోందంటే బుట్ట కొన్నారా, గంట కొన్నారా అని అందరూ అడిగారు. మేం కొన్నవి చాలా తక్కువ. శ్రమంతా ఇంట్లోంచి తీసేయడంలోనే పడింది.

మొట్టమొదట ఎలకల మందు. ఏళ్ల తరబడి అటక మీద, బియ్యం డబ్బాల వెనక, స్నానాలగది తూము దగ్గర పెడుతూనే ఉన్నాం. "ముందు ఎలకలు పోనీ, మందు తర్వాత తీద్దాంలే" అంది అత్తయ్య. డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు ఆవిడకి వివరించాను. ఆ రంగు బిళ్లల్లో చాలావాటిలో ఉండేది రక్తం గడ్డకట్టనివ్వని మందు. పిల్లి నేరుగా తినక్కర్లేదు, అది తిన్న ఎలకని పట్టి తిన్నా ప్రమాదమే. పైగా కొన్ని రోజులదాకా ఏమీ తెలియదు, తెలిసేసరికి లోపల రక్తం పోతూ ఉంటుంది. ఎలకల కోసం తెచ్చుకున్న పిల్లి ఎలకల మందుకే పోతే ఎలాగమ్మా అన్నాను. ఆవిడే కుర్చీ వేసుకుని అటక ఎక్కబోయింది. ఆవిడని దింపి మా ఆయన ఎక్కారు. బస్తాలన్నీ జరిపి, ఎండిపోయిన ముక్కలు కూడా వదలకుండా చేతికి కవరు తొడుక్కుని ఏరారు. పాత చీరల పెట్టెల్లోని కలరా ఉండలు కూడా అప్పుడే బయటికి పోయాయి, వాటి బదులు ఎండు వేపాకు పెట్టాం.

ఫినాయిల్ సంగతి ఇంకా కష్టం. అది వాసన వస్తేనే ఇల్లు కడిగినట్టు మా అత్తయ్యకి. పిల్లి తడి నేల మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని పాదాలు నాకుతుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి మందుల్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనకి ఏమీ కానిది దానికి విషమవుతుంది. ఇప్పుడు గదులన్నీ సబ్బు నీళ్లతో తుడుస్తున్నాం. మరుగుదొడ్డి ఒక్కటి పాత పద్ధతే, తలుపు మూసే ఉంటుంది.

పెరట్లో నూతికి ఇనప వల బిగించాం. అత్తయ్య జాకెట్లు కుడుతుంది కాబట్టి దారం ముక్కలు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలివైపు తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మలేదు. అది పేగుల్లో ఇరుక్కుంటే ఆపరేషనే. దారం కొస నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ కనిపించినా లాగకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మిషను దగ్గర మూతున్న డబ్బా ఒకటి పెట్టాను. జ్వరం మాత్రలు బీరువాలోకి వెళ్లాయి, పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. గోడ పక్కన గన్నేరు చెట్టుని కొట్టేయడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, పూజపూలు అవే మరి. పిల్ల బయటికి వెళ్లదు కాబట్టి నేనూ పట్టుబట్టలేదు. కోసిన పూలు మాత్రం మూతబుట్టలోనే ఉంటాయి, వాడినవి ఆ పూటే బయటికి పోతాయి. గన్నేరు ఆకూ పువ్వూ అన్నీ గుండెని దెబ్బతీసేవే.

ఇదంతా జరుగుతుండగా మా ఆడపడుచు పురిటికి వస్తున్నట్టు ఫోన్ చేసింది. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లేంటని బంధువులు ఒకటే గోల. నాకూ భయం వేసి డాక్టరుగారిని అడిగాను. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించే ఆ భయమంతా. మలం బయటపడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఇసుక తొట్టిని ఏ రోజుకారోజు శుభ్రం చేయాలి, గర్భిణి ఆ పని ముట్టుకోకూడదు, పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు. కడగని కూరల వల్లా, సరిగా ఉడకని మాంసం వల్లా కూడా అదే క్రిమి వస్తుందని విన్నాక వంటింట్లోనూ జాగ్రత్త పెరిగింది. తొట్టి పని మా ఆయన తీసుకున్నారు. అంచు తక్కువున్న ప్లాస్టిక్ బేసిన్, ఏటి ఇసుక జల్లించి ఎండబెట్టింది, అంతే.

అన్నిటికంటే పెద్ద చర్చ తిండి దగ్గర. దీపావళి మర్నాటి నుంచి మాకు కార్తీకం, నీచు ఇంట్లోకి రాదు. పాలూ పెరుగన్నమూ పెడితే చాలదా అంది అత్తయ్య. చాలదు. పాలు మరిచే వయసు వచ్చాక ఆవుపాలు చాలా పిల్లిపిల్లలకి అరగక విరేచనాలవుతాయి. టారిన్ అనే పోషకం దాని ఒంట్లో సరిపడా తయారవదు, మాంసం నుంచే రావాలి. లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: పిల్లిపిల్లల కోసం అమ్మే, మాంసం కలిసిన తిండి గింజల ప్యాకెట్ వీధి గదిలోనే ఉంటుంది, ఆ గిన్నె పెరటి కుళాయి దగ్గరే కడగాలి, వంటింటి గడప దాటకూడదు. ఆచారం ఆవిడది, ఆకలి పిల్లది, రెండూ నిలబడాలనే నాకూ ఉంది. మావుసీ వాళ్ల కార్తీకం కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి నుంచే మొదలు, కార్తీక పున్నమి మర్నాడు నీచు మళ్లీ మొదలుపెట్టే ఛాడఖాయితో వాళ్లింట్లో మళ్లీ చేపలు. మాకు అమావాస్య దాకా ఉంది. ఆ పదిహేను రోజులూ ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప ముక్క మావుసీ గిన్నెలో పెట్టి వీధి గదికే తెచ్చిచ్చింది. ఉల్లీ వెల్లుల్లీ తగలకూడదని ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంది.

తెచ్చిన రోజు తల్లి పడుకునే గోనెపట్టా కూడా అడిగి తెచ్చాం. ఆ వాసన ఉంటే బెంగ తక్కువట. ఇల్లంతా వదలకుండా వీధి గదిలోనే ఉంచాం, ఒక మూల పట్టా, ఎదురు మూల ఇసుక. మొదటి రాత్రి అరిచింది. అమ్మాయి తలుపు దగ్గరే చాప వేసుకుని పడుకుంది. తిండి తిని, ఇసుకలో తవ్వడం మొదలుపెట్టాక ఒక్కో గదీ తెరిచాం. మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి మొదలైంది కాబట్టి రాత్రిపూట వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెడుతున్నాను.

నులిపురుగుల మందు బరువు తూచి వేశారు. మొదటి టీకా బరంపురం నుంచి ఐస్ డబ్బాలో తెప్పించారు, మూడు నాలుగు వారాల్లో రెండోది, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. ఆడపిల్ల కాబట్టి అయిదారు నెలలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. మావుసీ పిల్లికి కూడా అదే రోజు చేయించేద్దామని అడిగాను, సరేనంది.