మీ నాయన లేడా అమ్మాయ్?

మా పిండి మరకొచ్చే వాళ్ళు గుమ్మంలో డబ్బా దించకముందే అడిగే మాట ఇది. ఉన్నాడు. లోపల పంకా కింద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. కానీ నాలుగేళ్ళుగా మర ఆడించేది నేను. ఆ సంగతి అడిగేవాళ్ళకీ తెలుసు, అయినా అడుగుతారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడైతే "ఉన్నాడు, పిలవనా? ఆయన వస్తే మీ డబ్బా రేపటిక్కానీ తెమలదు" అంటాను. నవ్వి డబ్బా కాటా మీద పెడతారు.

మాది రేపల్లె. తెనాలి నుంచి వచ్చే రైలు పట్టాలు మా ఊళ్ళో అయిపోతాయి. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి, రెండు పెట్టెలతో, నిద్రమత్తులో ఉన్న పాపతో తెల్లారగట్ల దిగాను. "ఇంక రైలు ముందుకెళ్ళదా అమ్మా?" అని అడిగింది పాప. వెళ్ళదు, ఇదే ఆఖరు స్టేషను అని చెప్పి ఆటో మాట్లాడాను.

ఎందుకు విడిపోయామన్నది ఇక్కడ రాయను. ఆ కథలో సగం నాది కాదు. ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం, హిందూ వివాహ చట్టం 13-బి కింద. అర్జీ పెట్టాక ఆరు నెలలు ఆగాలని చట్టం. ఆ గడువు తప్పనిసరేమీ కాదని, తగిన కారణం ఉంటే కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మేం అప్పటికే రెండేళ్ళుగా వేరుగా ఉంటున్నాం కాబట్టి మా లాయరు ఆ మాఫీ అడిగారు, వచ్చింది. తొమ్మిదేళ్ళ కాపురం, ఆఖరి రోజు జడ్జిగారి ముందు పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చాక ఇద్దరం ఒకే బండి దగ్గర టీ తాగాం. ఆయనే డబ్బులిచ్చాడు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. మా అమ్మ ఉపాయం ఏమిటంటే, ఎవరడిగినా అల్లుడు దుబాయి వెళ్ళాడని చెప్పడం. ఆ అబద్ధం వారం కూడా నిలవలేదు. చిన్న ఊరు. పాలు పోయించుకోవడానికి గుమ్మంలోకొస్తే చాలు, ఎదురింటి పిన్ని గిన్నె పట్టుకుని సిద్ధం. "ఎన్నాళ్ళుంటావమ్మా?" అంటుంది. ఆ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలుంటాయి. మూడు నెలలు గడప దాటలేదు. కూరగాయలు కూడా అమ్మే తెచ్చేది.

నన్ను మరలోకి లాగింది నాన్న ఆయాసం. నలభై ఏళ్ళు పిండి ధూళి పీల్చిన ఊపిరితిత్తులు. ఇక మర దగ్గరికి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పాత ఇనుము లెక్కన తూచి కొంటానని ఒకతను వచ్చి మోటారు, రాళ్ళు, బెల్టు అన్నీ చూసి వెళ్ళాడు. ఆ రాత్రి నాన్న అన్నం సగంలో వదిలేసి లేచాడు. "ఈ సంక్రాంతి వరకూ నేను కూర్చుంటాను, తర్వాత చూద్దాం" అన్నాను. జాలితో అన్న మాట. నెలనెలా పన్నెండొందల మంది జీతాలు లెక్కకట్టిన దాన్ని, పది డబ్బాలు ఆడించలేనా అన్న పొగరు కూడా ఉంది అందులో.

ఆ పొగరు వారంలో దిగింది.

మా మరలో మనిషి ఉన్నాడు, నాన్న దగ్గర ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న బాబాయ్. ఆయనే నాకు గురువు. పైన తొట్టిలో గింజ పోస్తాం. అది రెండు రాళ్ళ మధ్యకి జారుతుంది. ఒక రాయి కదలదు, రెండోది తిరుగుతుంది. పక్కనున్న చక్రం బిగిస్తే పిండి మెత్తన, వదిలితే బరక. చెప్పడానికి ఇంతే. ఎంత బిగించాలన్నది మాత్రం గొట్టం కింద చెయ్యి పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నలిపి తెలుసుకోవాలి. "వెచ్చగా తగలాలమ్మా, కాలకూడదు. కాలిందంటే పిండిలో సారం పోయిందన్నమాట" అనేవాడు బాబాయ్. ఇంకో సంగతి మొదటి రోజే చెప్పాడు: గింజ లేకుండా రాళ్ళు తిరగకూడదు. తొట్టి ఖాళీ అవుతుంటే చప్పుడు మారుతుంది. గరగర పోయి కీచుమంటుంది. రాయి రాయి రాసుకుని కాలిన వాసనొస్తుంది, ఇసుక పిండిలో కలుస్తుంది, రాళ్ళు నున్నబడి మళ్ళీ కక్కు కొట్టించాల్సి వస్తుంది. ఆ కక్కు కొట్టేవాళ్ళు ఇప్పుడు దొరకడమే కష్టం. వేరే ఊరి నుంచి ఒక తాత వస్తాడు, ఉలితో రోజంతా కూర్చుని గాట్లు పెట్టి వెళతాడు. ఆయన తర్వాత ఎవరన్నది నాకిప్పటికీ టెన్షనే.

మొదటి సంక్రాంతి తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. భోగికి ముందు మూడు రోజులూ అరిసెల బియ్యమే. నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద ఆరీ ఆరకుండా తెస్తారు. ఆ తడి పిండి ఆరిపోకముందే పాకంలో పడాలి. అందుకని ఇక్కడ డబ్బా లైన్లో ఉండగానే ఇంట్లో బెల్లం పొయ్యెక్కే ఏర్పాట్లు జరుగుతుంటాయి. తెల్లారి నాలుగింటికి తలుపు తీసేసరికి అరుగు మీద ముప్పై డబ్బాలు. మా పాప సుద్దముక్కతో ఒక్కో డబ్బా మీద నంబరు వేసింది. పన్నెండో నంబరు బియ్యం సరిగ్గా వడకట్టలేదు. నేను చూసుకోకుండా తొట్టిలో పోసేశాను. రెండు నిమిషాల్లో రాళ్ళ మధ్య ముద్ద కట్టేసింది. బెల్టు జారి రబ్బరు కాలిన వాసన. మర ఆగిపోయింది. బాబాయ్ పై రాయి విప్పి, గోకి, పొడి నూకలు పోసి దాన్ని దారికి తెచ్చేసరికి నాలుగు గంటలు. ఈలోపు అరుగు మీద నా గురించి ఏమేమి మాట్లాడుకున్నారో అన్నీ వినపడ్డాయి. విశేషమేమిటంటే, అందులో ఒక్కటి కూడా విడాకుల గురించి కాదు. "బియ్యం చెయ్యి పెట్టి చూడొద్దూ! అంత చదువుకుని ఏం లాభం?" ఇదీ తిట్టు.

ఇప్పుడు ఏ డబ్బా వచ్చినా ముందు గుప్పెడు తీసి పిసుకుతాను. ముద్దవ్వాలి, అరచెయ్యి మాత్రం తడవకూడదు. తడిస్తే ఎంతటివాళ్ళయినా సరే, అరుగు మీద పాత చీర పరిచి పెట్టాను, అరగంట ఆరబెట్టుకోమంటాను.

వ్యాపారంలో నేను మార్చినది పెద్దగా ఏమీ లేదు. ఒక్క కాటా మార్చాను. మరవాళ్ళు పిండి మిగుల్చుకుంటారన్నది తాతల నాటి అనుమానం. నాన్న హయాంలో రోజుకో గొడవ. నిజానికి రాళ్ళ వేడికి గింజలో తేమ ఆవిరవుతుంది, ధూళి కొంత పోతుంది, తూకం ఎంతో కొంత తగ్గి తీరుతుంది. ఎంత చెప్పినా నమ్మరు. అందుకని ఎలక్ట్రానిక్ కాటా కొని, తూనికల శాఖ ముద్ర వేయించి, అంకెలు వాళ్ళ వైపు కనపడేలా పెట్టాను. ఆడించే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. తరుగు ఎంతో వాళ్ళే చదువుకుంటారు. గొడవలు ఆగిపోయాయి. నాన్నకి మాత్రం ఆ కాటా అంటే గిట్టదు. "మన మాట మీద నమ్మకం లేకనా?" అంటాడు. అవును నాన్నా, లేకనే.

రెండో ఏడు కారం మిషను పెట్టాను. ఆవకాయ రోజుల్లో జనం మిరపకాయలు పట్టుకుని పక్క ఊళ్ళకి పోతుంటే చూస్తూ కూర్చోలేక. చిన్న ఆహార పరిశ్రమలకి కేంద్రం 2020లో ఒక పథకం పెట్టింది, ఖర్చులో 35 శాతం సబ్సిడీ, 10 లక్షలు దాటకుండా. కాగితాలన్నీ పట్టుకుని బ్యాంకుకి వెళితే అక్కడున్న ఆయన "మీ వారు కూడా సంతకం పెడితే బాగుంటుందమ్మా" అన్నాడు. వారు లేరన్నాను. అయ్యో అన్నాడు, చనిపోయారనుకుని. నేనూ సరిదిద్దలేదు. సానుభూతి ఫైలుకి మంచిదేమో అనిపించింది, తప్పు నాదే. తర్వాత పాన్ కార్డు చూపించాను. దాని మీద పెళ్ళికి ముందూ తర్వాతా ఇప్పుడూ నాన్న పేరే ఉంది. నా కార్డులన్నిటిలో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేనిది అదొక్కటే. మూడుసార్లు తిప్పినా అప్పు వచ్చింది. మిరపకాయల్లో తేజ రకం తెస్తే ఘాటు, బ్యాడిగి రకం తెస్తే రంగు. రెండూ కలిపి తొడిమలు తీసి, రెండెండలు పెట్టి తెచ్చేవాళ్ళంటే నాకు ప్రాణం. తొడిమలతో తెచ్చేవాళ్ళ గురించి ఏమీ అనను.

ఇక పసుపు సంగతి చెప్పాలి.

నిరుడు మాఘమాసంలో మాకు వరసకి పెద్దమ్మ అయ్యే ఆవిడ మనవరాలి పెళ్ళి. ఇంట్లో ముత్తయిదువులు రోకలి పట్టుకుని పసుపు దంచే ముచ్చట అయిపోయాక, మిగతా కొమ్ములు మరకి తెచ్చింది. దుగ్గిరాల నుంచి తెప్పించిన కొమ్ములు, ఐదు కిలోలు, కొత్త తువ్వాలులో మూట. గుమ్మంలో నిలబడి మూట కిందికి దించకుండానే అడిగింది, "మీ నాయన లేడా అమ్మాయ్?"

ఆ రోజు ఆ మాట వేరు. నాకర్థమైంది. తనకి నాకర్థమైందని అర్థమైంది. "ఏమనుకోబాకమ్మా, శుభమా అని పెళ్ళి పసుపు..." అని నసిగింది.

నేను నోరు తెరవకముందే నాన్న లోపల్నుంచి, పేపరు దించకుండా, "నేను పడితే నీ పసుపు నిండా నా దగ్గే ఉంటది వదినా. రంగు కావాలంటే దానికియ్యి. లేదంటే అవతల బజార్లో మర ఉంది, పొద్దున మిరపకాయలు ఆడారంట, చూసుకో మరి" అన్నాడు.

ఆవిడ కాసేపు నిలబడింది. మూట దించింది.

పసుపు కొమ్ము రాయికన్నా మొండిది. నేరుగా రాళ్ళలో పోస్తే రాళ్ళే దెబ్బతింటాయి. ముందు దంచే మిషనులో ముక్కలు చేశాను. తర్వాత నూకలు పోసి రాళ్ళు రెండుసార్లు తుడిచి, దోసెడు దోసెడు చొప్పున వదిలాను. గొట్టంలోంచి పసుపు వెచ్చగా దిగుతుంటే మర గదంతా ఆ వాసనే. వేడి మీద డబ్బాకెత్తితే గడ్డ కడుతుందని ఉతికిన పంచె పరిచి ఆరబోశాను. నా చేతులు, ముక్కు, కనురెప్పలు అంతా పసుపే. పెద్దమ్మ వంగి చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. ఏమంటుందోనని చూస్తున్నాను.

"ఇంకాస్త మెత్తగా రాదూ?" అంది.

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. చక్రం ఇంకో పావు తిప్పు బిగించి మళ్ళీ ఆడాను. రెండోసారికి కూడా డబ్బులు తీసుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు, అది వేరే విషయం. పెళ్ళికి పిలుపు అమ్మానాన్నలకే వచ్చింది. కానీ ఉగాదికి బియ్యప్పిండికి వచ్చినప్పుడు ఆవిడ నాన్నని అడగలేదు.

ఈ మధ్య ఒకమ్మాయి వస్తోంది. పాతికేళ్ళుంటాయి. చేతిలో కిలో గోధుమల సంచి. సోమవారం వచ్చింది, బుధవారం వచ్చింది, శుక్రవారం మళ్ళీ వచ్చింది. కిలో గోధుమపిండి రెండ్రోజుల్లో అయిపోయే సంసారం ఎంతది అనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, ఎవరూ ఉండని వేళ. మూడోసారి తొట్టిలో గోధుమలు పోస్తుంటే దగ్గరికొచ్చి నిలబడింది. మర చప్పుడులో ఏదో అంది. వినపడలేదు. చెవి దగ్గర పెట్టాను.

"అక్కా, మీరు లాయరుకి ఎంతిచ్చారు?"

కిలో గోధుమలు ఎంతసేపు. తొట్టి అప్పుడే ఖాళీ అవుతోంది, గరగర సన్నబడుతోంది. ఇంకో నిమిషంలో మర ఆపాలి. ఆపితే బజారు బజారంతా నిశ్శబ్దం. అరుగు మీద బాబాయ్, లోపల నాన్న, ఎదురుగా కిరాణా కొట్టు. ఆ పిల్ల నా మొహం వంక చూస్తోంది.

గోడ వారనున్న నూకల బస్తా మూతి విప్పి రెండు చేటలు తొట్టిలో గుమ్మరించాను. చప్పుడు మళ్ళీ నిండుగా అందుకుంది. స్టూలు దగ్గరికి లాగి తనని కూర్చోమన్నాను. మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. నూకలు తగ్గినప్పుడల్లా ఇంకో చేట.

మూడో చేటకి నాన్న లోపల్నుంచి కేకేశాడు. "ఎవరివే అన్ని నూకలు?"

"మనవే నాన్నా" అన్నాను.